బావగారి కోటు

నీలవేణి పెరట్లో కూర్చుని చేటతో చోళ్ళు చెరుగుతోంది. పొట్టు గాలికి లేచి కోళ్ళ వీపుల మీద పడుతుంటే అవి రెక్కలు విదుల్చుకుని మళ్లీ అక్కడికే వస్తున్నాయి. దడి అవతల ఎవరో దగ్గారు. జలుబు దగ్గు కాదు, ఒకే ఒక్క పొడిదగ్గు. ఆమె చేట కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, లోపలి గదిలోకి పోయి తలుపు చాటున నిలబడింది. ఆ తరవాతే సోంబరు దడి తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు.

సోంబరు ఆమె భర్త కామేష్‌కి అన్న. పనసపుట్టులో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడదు. ఆయనతో మాట్లాడదు, ఆయన పేరు పలకదు, ఆయన కూర్చున్న చాప మీద కూర్చోదు. పొరపాటున చెయ్యి తగిలిందంటే ఇద్దరూ తలారా స్నానం చెయ్యాలి. ఊరంతా ప్రార్థనలో చేరి చాలా ఏళ్లయింది. కొండ మీద కోడిని కొయ్యడం మానేశారు, పండగ కల్లు కూడా కొంతమంది మానేశారు. ఇది మాత్రం ఎవరూ మానలేదు. పాస్టరుగారు దీని జోలికి పోలేదు, ఎందుకంటే ఆయన భార్య కూడా ఆయన అన్న ఎదుటికి రాదు.

ఇన్నేళ్ల కాపరంలో నీలవేణికి బావగారి కాళ్ళు తెలుసు, దగ్గు తెలుసు, గుమ్మంలో విడిచిన చెప్పులు ఏ పక్క అరిగాయో తెలుసు. ముఖం సరిగా తెలియదు. ఆయనకి అంబలి పెట్టాలంటే గిన్నె అత్త చేతికిస్తుంది. ఉప్పు చాలకపోతే ఆయన గాలితో చెప్పినట్టు చెబుతాడు, ఈమె ఉప్పు డబ్బా అత్త వైపు తోస్తుంది. ఇందులో కోపతాపాలేమీ లేవు. అది మర్యాద, అంతే.

ఆ రోజు సోంబరు అంబలి ముట్టలేదు. గోడకి ఆనించిన గొడ్డలి తీసుకుని, తల్లి చిన్నమ్మలు పిలుస్తున్నా వినిపించుకోకుండా కాఫీ తోట ఉన్న కొండ వైపు వెళ్లిపోయాడు. ఎందుకో సాయంత్రం కామేష్ జీపు దిగి వచ్చాక గాని తెలియలేదు.

వాళ్ళ చర్చి సంఘానికి ఒక కోటు ఉంది. ఎప్పుడో విశాఖపట్నం నుంచి ఎవరో పుణ్యాత్ములు తెచ్చి ఇచ్చిన నల్ల కోటు. పనసపుట్టులో పెళ్లికొడుకైన ప్రతివాడూ దానిలోనే చర్చి మెట్లెక్కాడు. పెళ్లవగానే అది పాస్టరుగారి పెట్టెలోకి పోతుంది, మళ్లీ పెళ్లికి బయటికి వస్తుంది. సన్నటివాడికి పక్కలు పట్టడం, లావుపాటివాడికి వదలడం నీలవేణి పని. పెళ్లికి ముందు ఆమె పాడేరులో ఆడపిల్లలకి కుట్టు నేర్పే ట్రైనింగులో చేరి మిషను తెచ్చుకుంది. ఆ తరవాత బస్టాండు దగ్గర పైడయ్య మాస్టారి కొట్లో కొన్నాళ్ళు కాజాలు కుట్టింది. పనసపుట్టులో ఇప్పుడు జాకెట్లూ, లంగాలూ, మగవాళ్ళ చొక్కాలూ అన్నీ ఆమే కుడుతుంది. మగవాళ్ళకి మాత్రం టేపు పెట్టదు. వాళ్ళు బాగా పట్టిన పాత చొక్కా ఒకటి ఆదికి ఇచ్చిపోతారు. దాన్ని పరిచి, దాని చుట్టూ సుద్దతో గీసి, కత్తిరించి కుట్టేస్తుంది. మనిషిని చూడకుండా మనిషికి చొక్కా తయారవుతుంది.

సోంబరు పెళ్లి కుదిరింది ఈ మధ్యనే. తండ్రి పోయేనాటికి కామేష్ ఇంకా పాకుతున్నాడు. అప్పటి నుంచి సోంబరే కావిడి భుజాన వేసుకున్నాడు. అడ్డాకులు, చింతపండు, అల్లం, పసుపు, సీజనుకి ఏది దొరికితే అది కొండ దింపి సంతకి మోశాడు. చెల్లెళ్ళని అత్తారిళ్ళకి పంపాడు, కామేష్‌ని పదో తరగతి దాకా చదివించి డ్రైవింగు నేర్పించాడు, పెళ్లి చేశాడు. తన పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే పైరు కోతలయ్యాక చూద్దాం అనేవాడు. అలా ఎన్ని కోతలయ్యాయో. జుట్టు నెరిశాక, కాఫీ మొక్కలిచ్చే మీటింగులో అరకు వైపు బాల్వాడీ టీచరు మాధవి కనిపించింది. ఆమెకీ వయసు దాటింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు గాని, పంటకోత కాకుండానే సోంబరు తల్లి దగ్గరికి వచ్చి, మాధవి వాళ్ళ ఇంటికి పెద్దమనుషుల్ని పంపమన్నాడు.

ఆ రోజు పెళ్లికూతురి మేనమామ చర్చి చూడ్డానికి వచ్చాడట. కుర్రాళ్ళు సరదాకి సోంబరుకి సంఘం కోటు తొడిగారట. తొడగ్గానే కుడిభుజం మీద కోటు పైకి లేచిపోయింది. కావిడి బద్ద ఏళ్ల తరబడి ఒరుసుకున్న చోట కండ గడ్డలా పెరిగింది మరి. ఎడమ పక్క భుజం జారి చెయ్యి వేళ్ళ దాకా దిగింది. వెనక కాలరు మెడని వదిలి నిలబడింది. ఎవడో కుర్రాడు, కావిడికి కోటేసినట్టుందిరా అన్నాడు. అందరూ నవ్వారు. మేనమామ కూడా నవ్వాడు. సోంబరు కోటు విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

ఈ సంగతి చెబుతూ మొదట్లో కామేష్ కూడా కాస్త నవ్వాడు. తరవాత నవ్వు ఆపేశాడు, ఎందుకంటే సోంబరు కొండ దిగి వచ్చి దడి దగ్గర దగ్గి, అరుగు మీద కూర్చుని తల్లితో అన్న మాట లోపలికి వినిపించింది.

"అమ్మా, ఆలని ఏరే మనిషిని సూసుకోమని కబురెట్టు."

చిన్నమ్మలు తిట్టింది. ఏడ్చింది. సోంబరు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు. కబురు పెట్టకుండానే అది మాధవికి చేరింది. ఆమె ఎవరినీ నిందించలేదు. అరకు సంత నుంచి వచ్చే జీపులో ఒక గుడ్డ పంపింది. ముదురు నీలం సూటు గుడ్డ, వేలికి మెత్తగా తగిలే రకం. దానితో కబురు కూడా పంపింది. చొక్కా కుట్టించుకున్నా సరే, కోటు కుట్టించుకున్నా సరే, ఈ గుడ్డే వేసుకుని చర్చికి రావాలని.

గుడ్డ ధాన్యం గాదె మీద చాలా రోజులు పడి ఉంది. సోంబరు దాన్ని ముట్టుకోలేదు, తిప్పి పంపమని కూడా అనలేదు. కామేష్ విశాఖపట్నంలో తనకి తెలిసిన కొట్లో కుట్టిద్దామన్నాడు, కాకపోతే పాడేరులో పైడయ్య దగ్గర. మళ్లీ నలుగురిలో నిలబడి మాటలు పడనన్నాడు సోంబరు. అప్పుడు నీలవేణి, పొయ్యి ఊదుతూ, ఇంట్లోనే కుడితే ఎవరి ముందూ నిలబడక్కర్లేదు కదా అని కామేష్ చెవిలో వేసింది. కామేష్ ఆ మాట తీసుకెళ్లి అన్న దగ్గర పెట్టాడు. సోంబరు చుట్ట అయ్యేదాకా కాల్చాడు. గుడ్డ గాదె మీద నుంచి తీసి మిషను పక్కన పెట్టి పోయాడు.

మర్నాడు నీలవేణి జీపెక్కి పాడేరు వెళ్లింది.

పైడయ్య మాస్టారు విజయనగరం వైపు మనిషి. కుర్రతనంలో కొండెక్కి ఇక్కడే ఉండిపోయాడు. ఆఫీసర్లకి చలికాలం కోట్లు కుట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆమెని ఓరకంట చూసి, తలెత్తకుండానే, కాజాలు మర్చిపోనావా ఏటి గుంటా అని పలకరించాడు. కోటు కుట్టాలనేసరికి మిషను ఆపాడు.

గోడకి మేకులకి కోట్లు కత్తిరించే కాగితపు అచ్చులు వేలాడుతున్నాయి. అంచులు పసుపెక్కి, మేకు దగ్గర చిరిగి, మళ్లీ అతికించినవి. ఆయన వాటిలో ఒకటి తీసి బల్ల మీద పరిచాడు.

"కోట్లు మూడు రకాలే. కొట్లో కొక్కేనికి ఏలాడేది ఒకటి. అది ఏ మనిషినీ ఎరగదు. మనిషే దాంట్లో సర్దుకోవాల. రెండోది కొలత కోటు. టేపెట్టి కొలుత్తాం, ఈ అచ్చు మీద అంగుళం అటూ ఇటూ జరుపుతాం. నాకోసమే కుట్టించుకున్నానని అందరూ అనుకునేది ఇదే. ఈ అచ్చు మా గురువు ఇజీనారంలో కోసిచ్చినాడు. ఏ మనిషిని సూసి కోసినాడో తెల్దు. ఆ మనిషి పోయుంటాడు కూడాను. ఆడి ఒల్లే పెంచీ తగ్గించీ పాడేరు ఆఫీసర్లందరికీ తొడిగినాను నేను."

"మరి మూడోది?"

"మూడోదానికి అచ్చుండదు. మనిషే అచ్చు. కొత్త కాగితం, కొత్త గీత. కచ్చా కుట్లేసి తొడగాల, ఇప్పాల, దిద్దుకోని మల్లీ తొడగాల. బుజమ్మీద చెయ్యేసి సూడాల, ఎముకెక్కడ, కండెక్కడ, ఊపిరి తీత్తే ఏటవుతాది అని. టేపు పొడుగే సెప్తాది గుంటా. ఒంపు సెప్పదు."

లోపలి సంగతులు కూడా చెప్పాడు. రొమ్ము భాగంలో గుడ్డకి గుడ్డకి మధ్య బకరం అనే గట్టి గుడ్డ పెట్టి ఇస్త్రీ పెట్టెతో అంటించేస్తే పని తొందరగా అయిపోతుంది, కాని అట్టలా నిలబడుతుంది, నాలుగు ఉతుకులకి బుడగలు లేస్తుంది. కాన్వాసు గుడ్డ పెట్టి చేత్తో వదులు కుట్లు వేస్తే అది ఒంటితో పాటు వంగుతుంది, వేసుకున్నకొద్దీ మనిషిని నేర్చుకుంటుంది. చెబుతూనే కాన్వాసు ముక్క తీసి ఆమె చేతికిచ్చాడు. అప్పుడు అడిగాడు, ఎవరికి అని.

"మా బావగారికి."

పైడయ్య నవ్వబోయి ఆగాడు. ఆయన ఈ కొండల్లో చాలాకాలంగా ఉన్నాడు. అయితే రెండోదానితో సరిపెట్టుకో, మీ ఆయన చేత టేపు పట్టించు, చెయ్యి వెయ్యకుండా మూడోది రాదు అన్నాడు. ఆ భుజం సంగతి నీలవేణి చెప్పింది. ఆయన విని, కొలత రాసుకోవచ్చు గాని ఆ అచ్చులో అలాంటి భుజం లేదన్నాడు. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

ఆదివారం ప్రార్థనయ్యాక కామేష్ అన్నకి టేపు పెట్టాడు. సోంబరు ముందు గదిలో నిలబడ్డాడు. నీలవేణి లోపలి గదిలో తలుపు పక్కన. రెండు గదుల మధ్య గుమ్మంలో చిన్నమ్మలు కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఆమె అక్కడ ఉంటే ఎవరు ఎటు ఉండాలో అటు ఉంటారు.

నీలవేణి లోపల్నుంచి చెబుతుంటే కామేష్ అక్కడక్కడా టేపు పెట్టి అంకె అరుస్తున్నాడు. జీపు నడిపే చేతులవి, టేపు తాడులా మెలికపడిపోతోంది. చంక కింద పెట్టమంటే సోంబరుకి చక్కిలిగింత పుట్టి చెయ్యి విదిలించాడు. చిన్నమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కాసేపూ ఇంట్లో పెళ్లి ఉన్నట్టే అనిపించింది.

ముందు పాత దుప్పటితో నమూనా కోటు కుట్టింది నీలవేణి. తొడిగి చూసి కామేష్ మొహం వేలాడేశాడు. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. కోటు మాత్రం సంఘం కోటుకి తమ్ముడిలా ఉంది. కాలరు అలాగే వెనక్కి తేలింది. కుడి చంక నుంచి ఛాతీ మీదికి ఏటవాలు ముడత పడింది.

ఎక్కడ తప్పిందో ఆమెకి రెండు రోజులు అంతుపట్టలేదు. మూడో పొద్దున కట్టెలు తెస్తూ కొట్టాం వెనక నుంచి వస్తుంటే, సోంబరు పెరట్లో ఎవరూ లేరనుకుని ఒంటరిగా నిలబడి కాఫీ గింజలు ఆరబోస్తున్నాడు. ఆమె వెంటనే వెనక్కి తిరగాలి. తిరగలేదు. దడి సందులోంచి చూసింది. తప్పని తెలుసు. అయినా కళ్ళు ఆయన వీపు మీదే ఉన్నాయి.

టేపు పెట్టినప్పుడు సోంబరు బళ్ళో జెండా వందనానికి నిలబడ్డట్టు బిగుసుకు నిలబడ్డాడు. ఆ కొలతలు ఆ బిగుసుకున్న మనిషివి. ఇక్కడున్న మనిషి వేరు. మెడ ఎడమ పక్కకి కొంచెం వాలి ఉంది, కుడిపక్క కావిడి బద్దకి దారి వదిలినట్టు. నడుస్తుంటే కుడిభుజం కదలడం లేదు, ఎడమ చెయ్యి మాత్రమే ఊగుతోంది. భుజాన బరువు లేదు, ఆ బరువు ఉన్నట్టే ఒళ్ళు నడుస్తోంది. ఎన్నేళ్ళుగానో ఆ ఇంట్లో వండిన ప్రతి మెతుకూ ఆ భుజం మీదుగానే వచ్చింది. తన మిషను కూడా పాడేరు నుంచి ఆ కావిడి మీదే వచ్చింది. నీలవేణికి కట్టెల మోపు బరువు తెలియలేదు. ఆయన ఇటు తిరగబోయేసరికి కొట్టాం చాటుకి తప్పుకుంది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అత్తకి మెల్లిగా చెప్పింది, కోటు సరిగా రావాలంటే తాను ఒకసారి దగ్గర నిలబడి చూడాలని. చెయ్యి వెయ్యాలని మాత్రం నోరు తెరిచి చెప్పలేదు. అయినా చిన్నమ్మలుకి అర్థమైంది. నిప్పు ఎగదోసింది.

"నాను ఈ ఇంట కాలెట్టిన కాడ్నించీ మా బావకి కూడొండినాను. మొకం ఎలాగుంటాదో తెల్దు. ఆయన పోయినాక, పెట్టిలో ఎట్టినాక సూసినాను. నుదుట మచ్చుంది. ఇంత మచ్చ. అప్పుడే తెలిసింది నాకు."

ఆ మాటలో గొప్ప ఉందో, మరొకటేదైనా ఉందో నీలవేణి పోల్చుకోలేకపోయింది. అత్త అంతకన్నా ఏమీ చెప్పలేదు. అది కాదనడమే అనుకుంది నీలవేణి.

చూసినదాన్ని మనసులో పెట్టుకుని కొత్త కాగితం మీద గీత గీసింది. కుడి భుజం వేరు, ఎడమ భుజం వేరు. రెండు చేతులూ రెండు రకాలు. బల్ల మీద పరిస్తే అది కోటులా లేదు, వానకి వంగిన చెట్టులా ఉంది. కత్తెర మాధవి పంపిన గుడ్డ మీద పెట్టేముందు గీతని రెండుసార్లు సరిచూసుకుంది. మళ్లీ కోయడానికి వేరే గుడ్డ లేదు. కాన్వాసు పెట్టి, తెల్లదారంతో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసింది.

మళ్లీ ఆదివారం అందరూ అలాగే నిలబడ్డారు. చిన్నమ్మలు గుమ్మంలో కూర్చుంది. కామేష్ కోటు తొడిగాడు. ఒక చెయ్యి ఉంది, ఒకటి ఇంకా కుట్టలేదు. అయినా ఈసారి కాలరు మెడని పట్టుకుంది. తలుపు సందులోంచి అది చూసి నీలవేణి ఊపిరి పీల్చుకుంది. మెడ దగ్గర కోటు ఆ మనిషిదే అయింది. కుడి భుజం మాత్రం ఇంకా పట్టలేదు. గడ్డ అంచున గుడ్డ గుమిగూడి పైకి తన్నుతోంది. ఆ గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కంటికి తెలియదు. వేలికి తెలుస్తుంది.

భుజం మీది కుట్టు విప్పి, ముందు ముక్కని కిందికి జరిపి, గుండుసూదులు గుచ్చమని చెప్పింది. కామేష్ విప్పాడు. జరిపాడు. ముడత ఇంకో చోటికి పోయింది.

"ఎక్కడ గుచ్చాలే?"

"కాలరు కింద, కొంచెం ఎనక్కి."

"కాలరు కింద మెడుంది."

"మెడకి కాదు, గుడ్డకి గుచ్చు."

సూది మెడకే గుచ్చుకుంది. సోంబరు కిక్కురుమనలేదు. కామేష్ పీకి మళ్లీ గుచ్చాడు. మళ్లీ తొలగించాడు. గుడ్డ చెమటకి తడుస్తోంది, పదేపదే సూదులు పడి భుజం దగ్గర పోగులు లేస్తున్నాయి. చేతకాక కామేష్ కోపం తెచ్చుకుని, నువ్వు సరిగా నిలబడితే కదా అన్నాడు అన్నతో. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

సోంబరు తల వంచుకుని భుజం మీద ఉన్న గుడ్డని చూసుకున్నాడు. ఆ ఇంట్లో అద్దం లేకపోయినా ఇప్పుడాయనకి తన ఆకారం కనిపించినట్టుంది. చర్చిలో కుర్రాళ్ళ నవ్వు వినిపించినట్టుంది. తొడిగిన చెయ్యి లోపల్నుంచి లాక్కోవడం మొదలుపెట్టాడు.

"సాల్రా. ఇప్పెయ్. నా ఒంటికి కోటు రాదు. ఆ పిల్లకి గుడ్డ తిప్పి పంపెయ్. ఆల మామకి నానే సెప్తాను."

కామేష్ సూదుల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.  చిన్నమ్మలు కొడుకు ముఖంలోకి చూసింది. ఏడుపు మొహం కాదు అది. ఏదో పని ముగించేసి చేతులు కడుక్కునే మనిషి మొహం. ఈ కోటు విప్పాడంటే మళ్లీ తొడగడని, పెళ్లి కూడా దానితో పాటే మడత పెట్టేస్తాడని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

"తియ్యకండి బావా."

తలుపు చాటు నుంచి వచ్చింది ఆ మాట. పెద్దగా కాదు. గాలికీ కాదు, గోడకీ కాదు, ఆయనకే చెప్పింది. ఇన్నేళ్లలో ఆ గొంతు ఆయనతో మాట్లాడడం అదే మొదలు. కామేష్ చేతిలో సూదుల డబ్బా కింద పడింది.

"బుజం కాడ దిద్దాల. అది నానే దిద్దాల."

నీలవేణికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.  తలుపు పట్టుకుని నిలబడింది. తప్పు చేసేసింది, ఇంక దాన్ని లోపలికి లాక్కోలేదు. బయట కోళ్ళు గింజల కోసం గీరుకుంటున్నాయి.

సోంబరు తిరిగి చూడలేదు.  సగం విప్పిన చేతిని మెల్లిగా మళ్లీ కోటులోకి దూర్చాడు. దూర్చి, ఒకడుగు వెనక్కి వేసి, లోపలి గది వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఈసారి జెండా వందనంలా నిలబడలేదు. మెడ ఎడమకి వాలింది, భుజం తన చోట తను ఉంది. పెరట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

ఆయనకీ నీలవేణికీ మధ్య ఇప్పుడు చిన్నమ్మలు ఒక్కతే ఉంది. గుమ్మానికి అడ్డంగా, కాళ్ళు చాపుకుని. ఆమె లేస్తే తప్ప కోడలు ఇవతలికి రాలేదు. కామేష్ వంగి సూదులు ఏరుతూ తల్లి వైపు చూశాడు. ఏం చెయ్యమంటావని అడగలేదు. అడిగితే ఆమె వద్దనక తప్పదని అతనికీ తెలుసు.

చిన్నమ్మలు కొడుకు వీపు చూసింది. నీలం గుడ్డ మీద తెల్ల కుట్లు చూసింది. కోడలి పాదాలు తలుపు చాటున, గుమ్మానికి జానెడు దూరంలో ఆగి ఉన్నాయి. వాటినీ చూసింది. చూసి కాళ్ళు ముడుచుకుంది. తలుపు చట్రం పట్టుకుని, మోకాళ్ళ నొప్పికి మూలుగు కూడా బయటికి రానివ్వకుండా లేచి నిలబడింది. కొంగు దులుపుకుంది. కొడుకుల పక్క నుంచి నడిచి, మూలనున్న కర్ర చేతికి తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా, గుమ్మాన్ని ఖాళీగా వదిలి ఇంట్లోంచి వెళ్లిపోయింది.